సూది మొన ఆగే చోటు

పోయిన సంచికలో జ్వరం కొలిచే పద్ధతుల గురించి రాశాక, ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారి కోసం కూడా నాలుగు మాటలు రాయమని కొందరు పాఠకులు అడిగారు. రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఒక పెళ్ళికని బీదర్ జిల్లాలోని ధన్నూరకు, మా చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళాల్సి వచ్చింది. రాయవలసిన విషయం అక్కడ నా కళ్ళముందే కనబడింది.

ధన్నూర పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. 1956 నవంబరు 1 దాకా బీదర్ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. ఆ తర్వాత కన్నడ రాష్ట్రంలో కలిసింది. ఊళ్ళు అటు కలిసినా చుట్టరికాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చిన్నమ్మకు ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, కొందరు ఇరుగుపొరుగు వాళ్ళతో మరాఠీ, ఉర్దూ. ఆమె చదివింది నాలుగో తరగతి, అదీ కన్నడంలో. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవలేదు. మన సంఘం సభ్యుల ఇళ్ళలో కూడా ఇలాంటి పెద్దలు ఉన్నారు గనుక ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పెళ్ళి హడావుడి మధ్యలో చిన్నమ్మ నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు వేసి, కుడి తొడ చూపించింది. నిమ్మకాయంత మెత్తటి గడ్డ. "ఇదేందో చూడు బిడ్డా, కాన్సరు గిట్ల కాదు గదా" అంది. ఆరు నెలలుగా ఎవరికీ చెప్పకుండా ఆ భయం మోస్తోందట.

కాన్సరు కాదు. ఆమె రెండేళ్ళ నుంచి రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది అక్కడే, సరిగ్గా అక్కడే వేసుకుంటోంది. అదే చోట పదే పదే ఇన్సులిన్ పడితే చర్మం కింద కొవ్వు పెరిగి ఇలా ఉబ్బుతుంది. ప్రాణానికి ప్రమాదం లేదు. కాని ఆ ఉబ్బులో వేసిన మందు ఒకరోజు త్వరగా, ఒకరోజు ఆలస్యంగా రక్తంలో కలుస్తుంది. చిత్రమేమిటంటే అక్కడ నొప్పి తెలియదు. అందుకే మనిషి చెయ్యి మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతుంది. చిన్నమ్మ కూడా అదే అంది: "ఇక్కడైతే సూది పోయింది కూడ ఎర్కగాదే!"

"పొట్ట మీద వేసుకోవచ్చుగా, అక్కడ బోలెడు చోటుంది" అన్నాను. చిన్నమ్మ రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. "అమ్మో, పొట్ట మీదనా? మా తమ్మునికి చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులేసిన్రు. వాడు మొత్తుకున్నది ఇప్పటికీ నా చెవుల్లనే ఉన్నది."

యాభై ఏళ్ళ కిందటి ఆ సూదుల భయం ఈమె తొడ మీద గడ్డగా తేలిందన్నమాట. ఆ భయం తియ్యాలంటే సూది మొన ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. పక్కనున్న సీతాఫలం చేతిలోకి తీసుకుని చెప్పాను గాని, మీకు మామూలుగానే చెబుతాను.

మన చర్మం రెండు పొరలు. పైది పల్చటి పొర. దాని కింద నరాలు, సన్నటి రక్తనాళాలు ఉన్న గట్టి పొర. రెండూ కలిపినా చాలాచోట్ల రెండు, రెండున్నర మిల్లీమీటర్లే మందం. దాని కింద మెత్తటి కొవ్వు పొర. ఆ కింద కండ. మామూలు జ్వరానికో నొప్పికో పిరుదు మీద పొడిచే సూది కండలోకి పోతుంది. ఇన్సులిన్ సూది కొవ్వు దగ్గరే ఆగాలి. ఇంకొన్ని సూదులు కొవ్వు దాకా కూడా పోకూడదు, చర్మం మందంలోనే ఆగాలి. నర్సింగు చదివే పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది ఈ చివరిదే.

చర్మంలో వేసే సూదికి మీ అందరికీ తెలిసిన ఉదాహరణ బి.సి.జి. మీ ఎడమ భుజం చూసుకోండి, గుండ్రటి చిన్న మచ్చ ఉంటుంది. క్షయవ్యాధి నుంచి పసిపిల్లల్ని కాపాడే ఈ టీకాను ఫ్రాన్సులో 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చారు. మన దేశంలో 1948లో మొదలుపెట్టిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి పేరు పాతతరం వారికి గుర్తుండే ఉంటుంది.

పుట్టిన బిడ్డకు వేసే బి.సి.జి. మోతాదు 0.05 మిల్లీలీటరు, ఒక నీటిచుక్కంత. సన్నటి సూది, దాని ఏటవాలు మొన పైకి కనబడేట్టు పట్టుకుని, చర్మాన్ని రెండు వేళ్ళతో సాగదీసి, సూదిని దాదాపు చర్మం మీద పడుకోబెట్టినట్టుగా పది పదిహేను డిగ్రీల వాలులో పోనివ్వాలి. మొనలోని రంధ్రం చర్మంలో మునగగానే ఆపాలి. మందు నెమ్మదిగా తోస్తే చేతికి బిగువుగా తగులుతుంది. చూస్తుండగానే తెల్లటి బుడగ లేస్తుంది, దానిమీద నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు కనబడతాయి. బుడగ లేచిందా, సరిగ్గా పడింది. బిగువు లేకుండా మందు సులువుగా పోయిందా, లోతుకు దిగిపోయింది. నేను నేర్చుకునే రోజుల్లో మా సిస్టరు పక్కన నిలబడి మాట్లాడకుండా బుడగకేసే చూసేది. మొదటి వారమంతా నాకు ఒక్కటీ సరిగ్గా లేవలేదు.

ఈ సూది వేశాక రుద్దకూడదు. బి.సి.జి. వేసిన చోట రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేచి, తర్వాత చితికి, మరికొన్ని వారాలకు మచ్చ కట్టి మానుతుంది. చాలామంది అమ్మమ్మలు కంగారుపడి పసుపో ఆయింట్‌మెంటో పెడతారు. ఏమీ పెట్టొద్దు. శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు.

విదేశాల్లో ఉన్నవారికి ఇక్కడ ఒక మాట. అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మన పిల్లలకు మోచేతి కింద చర్మంలో మాంటూ పరీక్ష చేస్తారు. 0.1 మిల్లీలీటరు వేసి, 48 నుంచి 72 గంటల మధ్య చూస్తారు. కొలవాల్సింది ఎరుపును కాదు, గట్టిపడిన మేరను. చిన్నప్పుడు బి.సి.జి. వేయించుకున్నవారికి జబ్బు లేకపోయినా అది గట్టిపడే అవకాశం ఉంది. అక్కడ బి.సి.జి. అందరికీ వేసే ఆనవాయితీ లేదు. కాబట్టి మీ భుజం మచ్చ చూపించి సంగతి చెప్పండి. బి.సి.జి. వల్ల తికమక పడని రక్తపరీక్ష ఉంది, అది చేయమని అడగవచ్చు.

చర్మంలో వేసే సూదికి ఇంకో సుగుణం ఉంది, కొద్ది మందుతో పని జరుగుతుంది. జబ్బు మీద కాపలా కాసే కణాలు చర్మంలో దట్టంగా ఉంటాయి. 2016లో హైదరాబాదులో మురుగునీటి పరీక్షలో పోలియో టీకా నుంచి మారిన రెండో రకం వైరసు కనబడింది. బిడ్డలెవరికీ జబ్బు రాలేదు గాని ఊరుకుంటే రావచ్చు. అప్పటికి ప్రపంచమంతా పోలియో ఇంజక్షన్ మందుకు కొరత. కండలో వేస్తే బిడ్డకు 0.5 మిల్లీలీటరు కావాలి. చర్మంలో వేస్తే 0.1 చాలు, అంటే ఒకరి మందు ఐదుగురికి. ఆ జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో వారం రోజుల్లో మూడు లక్షలకు పైగా పిల్లలకు ఇలా చర్మంలోనే వేశారు. అన్ని లక్షల లేత చేతుల మీద ఆ తెల్లటి బుడగ లేపిన సిబ్బంది చేతిపనిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. పేపర్లో వాళ్ళ గురించి ఎక్కువ రాలేదు.

ఇక చిన్నమ్మ తమ్ముడి పద్నాలుగు సూదుల సంగతి. ఆ రోజుల్లో కుక్క కాటుకు ఇచ్చే మందు జంతువుల మెదడు కణజాలం నుంచి తీసేవారు. పరిమాణం ఎక్కువ, రోజూ వెయ్యాలి. అంత మందు పట్టాలంటే వదులుగా ఉండే చర్మం కావాలి, అది పొట్ట మీదే ఉంది. అందుకే బొడ్డు చుట్టూ వేసేవారు. అప్పుడు కూడా సూది పేగుల దాకా పోలేదు, చర్మం కిందే ఆగింది. మందు మోటుది గనుక వాపు, నొప్పి. మన దేశంలో ఆ మందు 2005 నాటికి ఆగిపోయింది. 2006 నుంచి కొత్త మందును భుజాల చర్మంలో 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చోట్ల, మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో వేసే పద్ధతికి అనుమతి వచ్చింది. పద్నాలుగు సూదులకు భయపడి ఇప్పటికీ నాటువైద్యానికి పరిగెత్తేవాళ్ళున్నారు. కుక్క కరిస్తే వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. గాయం లోతైతే గాయంలో వేసే మందు వేరే ఉంటుంది, అది కూడా అడగండి.

ఇదంతా విని చిన్నమ్మ "అయితే పేగుకు తాకదా?" అని మూడుసార్లు అడిగింది. పొట్ట మీద చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య మడతలా ఎత్తి పట్టించాను. ఆ మడత మందం ఆమె వేళ్ళకే తెలిసింది. సిరంజి సూదిని దానిపక్కన పెట్టి చూపించాను. నవ్వేసింది.

రాత్రి భోజనానికి ముందు ఆమె మందు వేసుకునేటప్పుడు పక్కన కూర్చున్నాను. సీసాలోది పాలరంగు మందు. దాన్ని ఆమె చెంచాతో మజ్జిగ కలిపినంత జోరుగా ఊపేసింది. అలా ఊపితే నురగ వస్తుంది, కొలత తప్పుతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఇరవైసార్లు మెల్లగా దొర్లించాలి. "ఇంతేనా!" అంది. నేను కూడా ఇంతే అనుకున్నాను. అప్పుడు ఆమె సిరంజి మూత తీసింది. మూత నారింజ రంగు.

మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి తగిన సిరంజి మూత ఎరుపు. అమెరికాలో 1970ల నుంచి, ఇంగ్లండులో 1983 నుంచి మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందే వాడుకలోకి వచ్చింది. దాని సిరంజి మూత నారింజ రంగు, ఒంటి మీద యు-100 అని ఉంటుంది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు, అంటే చిన్నమ్మ కొడుకు, పోయిన ఏడాది వచ్చినప్పుడు సన్నటి సూదులని, నొప్పి ఉండదని ప్రేమతో రెండు పెట్టెల సిరంజులు తెచ్చిచ్చాడు. చిన్నమ్మ వాటిని అపురూపంగా వాడుకుంటోంది. మందు మాత్రం బీదర్ దుకాణంలోది.

లెక్క చూడండి. ఆ సిరంజిలో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందులో అది 8 యూనిట్లే! ఆమె పొద్దున 30, రాత్రి 20 వేసుకుంటున్నాననుకుంటోంది. ఒంట్లోకి పోతున్నది 12, 8. షుగరు తగ్గకపోవడంతో డాక్టరు రెండుసార్లు డోసు పెంచారు. ఇంట్లోవాళ్ళు ఆమె దొంగచాటుగా మిఠాయి తింటోందని సాధించారు. మూడు నెలలుగా మామిడిపండు ముట్టని మనిషి!

ఇక్కడే నేను ఒక పెద్ద పొరపాటు చెయ్యబోయాను. ఎర్రమూత సిరంజులు తెప్పించి, "చిన్నమ్మా, ఇకనుంచి వీటితో వేసుకో" అందామని నోటిదాకా వచ్చింది. అలా అని ఉంటే ఆమె మర్నాడు పొద్దున ఎర్రమూత సిరంజిలో 30 దాకా తీసి, నిజంగా 30 యూనిట్లు వేసుకునేది. నిన్నటిదాకా 12 తీసుకున్న ఒంటికి ఒక్కసారిగా రెండున్నర రెట్లు. దానికి తోడు గడ్డ వదిలి పొట్ట మీద వేసుకుంటే మందు ఇంకా బాగా ఎక్కుతుంది. రెండు మంచి మార్పులూ ఒకే పూట చేస్తే షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పేది, పెళ్ళివారింట్లో.

ఆ రాత్రికి మామూలు 8 యూనిట్లే, అదే సిరంజితో, తొడ మీదే కాని గడ్డకు నాలుగు వేళ్ళ దూరంగా వేయించాను. రాత్రి పడుకునే ముందు, మళ్ళీ తెల్లవారుజామున వేలు గుచ్చి షుగరు చూశాను. పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేసి సిరంజి సంగతి, గడ్డ సంగతి రెండూ చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎర్రమూత సిరంజితో 12, 8 నుంచే మొదలుపెట్టి, రోజూ పరీక్ష చేసి చెబితే నెమ్మదిగా సరిచేద్దామన్నారు.

కాబట్టి ఇళ్ళలో ఎవరైనా ఇలా తప్పు సిరంజి వాడుతున్నట్టు కనబడితే దయచేసి సిరంజి ఒక్కటే మార్చి ఊరుకోకండి. ముందు డాక్టరుతో మాట్లాడండి. దీనికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదం. పెన్నులో పెట్టే ఇన్సులిన్ మన దేశంలో కూడా 100 యూనిట్లదే. పెన్ను పాడైందని దానిలోంచి ఎర్రమూత సిరంజితో 20 గీతల మందు లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. అమ్మానాన్నలు మీ దగ్గరికి అమెరికా వచ్చి, వెంట తెచ్చుకున్న సిరంజితో అక్కడి సీసా మందు తీసుకుంటే జరిగేదీ ఇదే. మందు ఏ దేశందో సిరంజి ఆ దేశందే ఉండాలి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చూడటానికి అరనిమిషం పట్టదు.

షుగరు పడిపోతే చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్ష చెయ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆసుపత్రికే.

సూది వేసే పద్ధతి ఇప్పుడు చెబుతాను. చెయ్యి కడుక్కోవాలి. సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి. ఎన్ని యూనిట్లు కావాలో అంత గాలి ముందు సీసాలోకి తోసి, సీసాను తలకిందులు చేసి మందు లాగాలి. గాలిబుడగలుంటే గోటితో తట్టి పైకి తెచ్చి వెనక్కి తొయ్యాలి. పొట్ట మీద బొడ్డుకు రెండు అంగుళాలు వదిలి, తొడల బయటివైపు, చేతుల వెనకవైపు, పిరుదుల పైభాగం, ఇవీ చోట్లు. నాలుగు మిల్లీమీటర్ల పెన్ను సూదిని నిట్టనిలువుగా గుచ్చవచ్చు. సిరంజి సూది అంతకన్నా పొడుగు గనుక చర్మం మడత ఎత్తి పట్టి గుచ్చాలి. సన్నటివాళ్ళు 45 డిగ్రీల వాలులో వేసుకోవాలి, లేకపోతే కండలోకి దిగి మందు జోరుగా ఎక్కేస్తుంది. మందు తోశాక పది లెక్కపెట్టి సూది తీసి, మడత వదలాలి. ఇక్కడ కూడా రుద్దొద్దు. రేపటి సూది ఇవాళ్టి చోటుకు ఒక వేలెడైనా దూరంగా పడాలి.

సీసా దాచుకోవడం కూడా ముఖ్యమే. వాడని సీసాలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. గడ్డకట్టితే మందు చచ్చినట్టే, పారెయ్యాలి. అందుకే విమానంలో సామాన్ల పెట్టెలో కాకుండా చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్ళండి. వాడుతున్న సీసా సుమారు నాలుగు వారాలు బయట చల్లటి చోట ఉండవచ్చు, సీసాతో వచ్చే కాగితం మీద ఎన్నాళ్ళో చూడండి. చిన్నమ్మ వాళ్ళింట్లో కరెంటు పోయినప్పుడు మట్టికుండలో కొంచెం నీళ్ళు పోసి, మూత బిగించిన చిన్న డబ్బాలో సీసా పెట్టి అందులో ఉంచుతారు. ఆ పద్ధతిని నేను మార్చలేదు, ఆ ఎండల్లో బయట పెట్టడం కన్నా చాలా నయం.

వాడిన సూదులు మాత్రం ఆమె చెత్తకుండీలో వేసేది. చెత్త తీసే పిల్ల చేతికి గుచ్చుకుంటే? గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి మూతకు చిల్లు పెట్టి ఇచ్చాను. నిండాక మూత టేపుతో అంటించి ఆసుపత్రిలో ఇవ్వమన్నాను.

వచ్చేముందు ఇవన్నీ ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలిద్దామని కూర్చున్నాను. తెలుగులో రాస్తే చిన్నమ్మ చదవలేదు. కన్నడ మాటల్లో రాయడం నాకు అంతగా రాదు. చివరికి కన్నడ అక్షరాల్లో తెలుగు మాటలు రాశాం, నేను చెబుతుంటే ఆమె మనవరాలు రాసింది. "సోమవారం కుడి, మంగళవారం ఎడమ" అని పొట్ట బొమ్మ కూడా వేసింది, బొడ్డు కొంచెం పెద్దదైంది. ఎర్రమూత సిరంజి మూత ఒకటి దారంతో ఆ అట్టకే కట్టాం, దుకాణానికి పంపేటప్పుడు ఎవరి చేతికైనా ఇచ్చి "ఈ రంగుది" అనడానికి.

మొన్న ఫోన్ చేసింది. ఆరు వారాలైంది. డాక్టరు నెమ్మదిగా పెంచుతూ పొద్దున 18, రాత్రి 12 దగ్గర ఆపారట. పరగడుపు షుగరు 130కి అటూ ఇటూ ఉంటోందట. గడ్డ మెత్తబడింది, పూర్తిగా పోవడానికి నెలలు పడుతుందని చెప్పాను. మిగిలిన నారింజ మూత సిరంజుల పెట్టె ఏం చెయ్యాలని అడిగింది. కొడుకు తెచ్చింది కదా, పారెయ్యడానికి మనసొప్పడం లేదట. సూదులున్నవి ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రి డబ్బాలో వేయించమన్నాను. ఖాళీ పెట్టె మాత్రం దాచుకుంటానంది. సరేనన్నాను.